ఓడ మునిగిన రోజున పుట్టినవాడు

పెళ్లైన నాలుగో రోజు పొద్దున్నే ఫోన్ మోగితే నేనే ఎత్తాను.

"టైటానిక్ లేచాడా?" అంది అవతలి గొంతు.

"రాంగ్ నంబరండీ" అని పెట్టేశాను.

వెంటనే మళ్ళీ మోగింది. "ఏం మరదలా! పెళ్లై వారం తిరక్కుండానే ఆడపడుచు మొహాన ఫోన్ పెట్టేస్తున్నావే!" అని వదిన పడీపడీ నవ్వింది. మా ఆయనకి వాళ్ళింట్లో ఉన్న ముద్దుపేరు మునిగిపోయిన ఓడ పేరని నాకు అలా తెలిసింది.

మా ఆయన కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి చొక్కా చేతుల మీద సన్నటి గాజుపొడి పడి ఉంటుంది. గుమ్మంలో నిలబెట్టి నేను దులుపుతుంటే బల్బు వెలుగులో అది మెరుస్తుంది. ఇంత చిన్న సంగతికి ఇంత సంతోషం ఏమిటని నన్ను నేనే తిట్టుకుంటాను గానీ, రోజూ ఆ టైముకి గుమ్మం దగ్గరే తచ్చాడుతుంటాను. ఒకే గ్లాసులో రెండు టూత్‌బ్రష్షులు కనిపించినా నాకు నవ్వొస్తుంది. కొత్తలో ఒకసారి సరదాకి "ఏవండీ" అని పిలిస్తే, వెనకాల ఎవరైనా పెద్దాయన వచ్చారేమో అని తిరిగి చూశాడు. ఇక ఆ పిలుపు మానేశాను.

ఆ టైటానిక్ పేరేమిటని ఫోన్ వచ్చిన రోజే అడిగితే, సబ్బు నురగ మొహంతోనే చెప్పాడు. వాళ్ళింట్లో ఒక అలవాటుండేది. ఎవరి పుట్టినరోజైతే వాళ్ళని టిఫిన్ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి, మామగారు పేపర్లో 'చరిత్రలో ఈ రోజు' శీర్షిక గట్టిగా చదివేవారట. వదిన పుట్టింది జులై ఇరవై. ఏటా ఆమె రోజున మనిషి చంద్రుడి మీద కాలు పెట్టేవాడు. అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆమె చందమామ అయిపోయింది. మా ఆయన పుట్టింది ఏప్రిల్ పదిహేను.

"ప్రతి ఏడూ మునిగేదే" అన్నాడు, గడ్డం గీసుకుంటూ. "ఎప్పుడైనా ఓడ మునక్కపోతే, అమెరికాలో ప్రెసిడెంటు చచ్చిపోయేవాడు. ఆ మధ్య ప్యారిస్‌లో పెద్ద చర్చి తగలబడింది చూడు, అదీ నా పుట్టినరోజు నాడే. అక్క ఫోన్ చేసి, 'ఒరేయ్, ఇవాళ నువ్వు ఇంట్లోంచి కదలకు, ఇంకేదైనా అవుతుంది' అంది."

నవ్వుతూనే చెప్పాడు. కానీ పుట్టినరోజు ఎప్పుడూ చేసుకోడనీ, ఆ రోజున షాపులో కావాలని ఎక్కువ పని పెట్టుకుంటాడనీ తర్వాత తెలిసింది. మామగారు పోయాక ఆ చదివే పని వదిన తీసుకుంది. ఏటా ఆ పొద్దున ఫోన్ చేసి వినిపిస్తుంది. ఈయనేమో పెట్టెయ్యకుండా చివరిదాకా వింటాడు. వాళ్ళ నాన్న చదివినట్టే ఉంటుందట.

ఇక్కడ తమాషా ఏమిటంటే, వాళ్ళింటికి వచ్చే పేపర్లో ఇప్పుడు ఆ శీర్షిక రాసేది నేనే.

"ఈసారి నీ రోజున మంచి వార్త వస్తుంది. రాసేది నీ పెళ్ళాం" అన్నాను గొప్పగా.

అతను గడ్డం గీసుకోవడం ఆపేసి అద్దంలోంచి నా వైపు చూశాడు. "నిజంగా వస్తుందా?" అన్నాడు.

సరదాకి అడిగినట్టు లేదు. ముప్పై ఏళ్ళు వచ్చిన మనిషి అంత ఆశగా అడుగుతాడని నేను అనుకోలేదు. "వస్తుంది" అన్నాను. మాట ఇచ్చినంత తేలికగా పని జరుగుతుందనుకున్నాను.

మా ఆఫీసు గురించి ఒక్క విషయం చెప్పాలి. మేమందరం ఎప్పుడూ ఒక రోజు ముందు బతుకుతాం. ఇవాళ చేసే పేజీ రేపటి పేపర్లో వస్తుంది కాబట్టి, మా ఇన్‌చార్జి గారు పొద్దున రాగానే గోడ మీది క్యాలెండర్లో ఇవాళ్టి కాగితం చర్రున చింపి బుట్టలో పడేస్తారు. "ఇవాళ అయిపోయింది, పని చూసుకోండి" అంటారు. బయట పధ్నాలుగో తారీకైతే మా గదిలో పదిహేను. ఈ అలవాటు ఒంటికి పట్టేస్తుంది. ఇన్‌చార్జి గారు ఒకసారి పెట్టె సర్దుకుని, ఒక రోజు ముందే స్టేషన్‌కి వెళ్ళి, ఎవరో తన సీట్లో కూర్చున్నారని గొడవ పెట్టుకున్నారట. నేనైతే నా పెళ్ళి రిజిస్టర్లోనే రేపటి తారీకు వేసి సంతకం పెట్టాను. అక్కడి గుమాస్తా కళ్ళజోడు పైకెత్తి, "ఏమ్మా, రేపు వచ్చి చేసుకుంటావా పెళ్ళి?" అన్నాడు. మా ఆయన మొహం అప్పుడు చూడాలి.

సరే, ఏప్రిల్ మొదలవగానే వేట మొదలుపెట్టాను. శీర్షికలో ఒక్కో సంఘటనకి ఒకటో రెండో వాక్యాలు. ఐదు సంఘటనలు. వాటిలో ఒక్కటి, ఒకే ఒక్కటి మంచిది కావాలి నాకు. ప్రపంచం ఇన్ని వేల ఏళ్ళుగా నడుస్తోంది కదా, ఒక్క ఏప్రిల్ పదిహేనునైనా ఏదో ఒక మంచి జరగకుండా ఉంటుందా?

జరిగింది! లియొనార్డో డావిన్సీ పుట్టాడు. అంతటి మనిషి! కుర్చీలోంచి ఎగిరి గంతేసినంత పనిచేసి, ఇన్‌చార్జి గారి దగ్గరికి పరిగెత్తాను.

"పుట్టినవాళ్ళు ఈ శీర్షికలోకి రారమ్మా. వాళ్ళకి ఆదివారం వేరే శీర్షిక ఉంది" అన్నారు, తల ఎత్తకుండానే.

"ఈ పదిహేను ఆదివారం కాదు కదా సార్."

"అయితే రాడు."

"పుట్టినవాళ్ళందరూ ఆదివారమే పుట్టాలా సార్?"

"ఈ పేపర్లోనైతే అంతే."

మర్నాడు ఇంకోటి దొరికింది. చక్కెర జబ్బుకి వాడే ఇన్సులిన్ అందరికీ అందుబాటులోకి వచ్చింది ఏప్రిల్ పదిహేను, 1923న అని. మా నాన్న రోజూ పొద్దున పొట్ట మీద పొడుచుకునే సూది అది. నాకైతే కళ్ళు చెమర్చాయి. మా ఆయన పుట్టినరోజు, మా నాన్న మందు, రెండూ ఒకే రోజు! ఇంతకంటే ఏం కావాలి?

"ఎక్కడ దొరికింది?" అన్నారు ఇన్‌చార్జి గారు.

"పది చోట్ల ఉంది సార్."

"పది చోట్లా చదువు."

చదివాను. పది చోట్లా అదే వాక్యం. ఒకరి దగ్గర ఒకరు ఎత్తి రాసుకున్నారు. మా దగ్గర లెక్క ఏమిటంటే, ఒకరినొకరు చూసి రాసుకోని రెండు ఆధారాలు ఉండాలి. వైద్య కళాశాల లైబ్రరీకి ఫోన్ చేస్తే అక్కడి మేడమ్ ఓపిగ్గా వెతికి మళ్ళీ చేసింది. "సంవత్సరం సరే. కానీ మందు ఒకచోట ముందూ, ఒకచోట తర్వాతా వచ్చింది. ఈ ఒక్క రోజే అని నేనైతే రాయను తల్లీ" అంది.

"ఎవరో ఒకరు రాశారు కదండీ!" అన్నాను ఏడుపు గొంతుతో.

"అదే కదమ్మా సమస్య" అంది.

అలా పది రోజులు. ఒక మంచి ఆటగాడి కథ దొరికితే, ఆ ఆట మనవాళ్ళెవరికీ తెలీదన్నారు. ఇంకొక ప్రయాణం దొరికితే, అది పాత క్యాలెండర్ తారీకు, ఇప్పటి లెక్కలో ఆ నెలే కాదన్నారు. నేను దేన్ని పట్టుకున్నా చేతిలోంచి జారి ముందు రోజులోనో వెనక రోజులోనో పడేది. చెడ్డవి మాత్రం మేకు కొట్టినట్టు పదిహేను మీదే ఉన్నాయి. మునిగింది, చచ్చిపోయాడు, తగలబడింది, తొక్కిసలాటలో పోయారు. వీటికి మాత్రం ఎన్ని ఆధారాలు కావాలంటే అన్ని!

"చరిత్ర మన చుట్టమా అమ్మా, మనింటి పుట్టినరోజు చూసుకుని నడవడానికి?" అన్నారు ఇన్‌చార్జి గారు. కోపంగా అనలేదు. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

ఇంట్లో మా ఆయన ఏమీ అడగడు. కానీ అన్నం తింటూ తింటూ, "ఏమైనా దొరికిందా?" అన్నట్టు కనుబొమ్మలు ఎగరేస్తాడు. నేను పప్పు వడ్డిస్తూ ఇంకోవైపు చూస్తాను.

చివరి రోజు వచ్చేసింది. ఇన్‌చార్జి గారు చర్రున కాగితం చింపారు. గోడ మీద పదిహేను. ఎర్రగా, లావుగా, నన్నే వెక్కిరిస్తున్నట్టు. సాయంత్రం నాలుగింటికి పేజీ ప్రెస్సుకి వెళ్ళిపోవాలి. మళ్ళీ ఆ ఓడ గురించే చదువుతూ కూర్చున్నాను, ఇంకేం చేయాలో తోచక.

అప్పుడు కనిపించింది. అన్ని రోజులూ కళ్ళ ముందే ఉన్నా పట్టించుకోని సంగతి. ఓడ మునిగింది తెల్లవారకముందు. కానీ అదే రోజు, అదే పదిహేనున, తెల్లవారుతుండగా ఇంకో ఓడ వచ్చింది. కార్పాథియా. మంచుగడ్డల మధ్యలోంచి, చీకట్లో, ఉన్న వేగమంతా పెట్టి వచ్చింది. చిన్న పడవల్లో వణుకుతున్న దాదాపు ఏడువందల మందిని ఒక్కొక్కరినే పైకి చేర్చుకుంది. అది కూడా ఏప్రిల్ పదిహేనే కదా! మునగడం గురించి అందరూ చెబుతారు గానీ, వచ్చి ఎక్కించుకున్న ఓడ గురించి వాళ్ళింటి టిఫిన్ బల్ల దగ్గర ఎవరూ చదివినట్టు లేదు.

గబగబా రాశాను. 'టైటానిక్ ఓడ అట్లాంటిక్‌లో మునిగిపోయింది. ఆ తెల్లవారుజామునే కార్పాథియా అనే ఓడ చేరుకుని, దాదాపు ఏడువందల మందిని కాపాడింది.'

ఇన్‌చార్జి గారు రెండుసార్లు చదివారు. ఆధారాలు చూశారు. "ఇది బాగుందమ్మా" అన్నారు. ఆయన నోట 'బాగుంది' వినడం నేను చేరాక అదే మొదలు. నా సంతోషం పట్టడానికి ఆ గది చాల్లేదు. కిందికి పరిగెత్తి, ఎదురుగా ఉన్న బేకరీలో కేకు చెప్పాను. "ఎప్పటికి?" అంటే, "ఇవాళ సాయంత్రానికే" అన్నాను. వదినకి ఫోన్ చేశాను.

"వదినా, సాయంత్రం మా ఇంటికి రావాలి. మీ తమ్ముడి పుట్టినరోజు చేస్తున్నా."

"ఇవాళా?" అంది.

"ఇవాళే! మరి ఇంకెప్పుడు?"

"అబ్బే, ఏం లేదు. వస్తా వస్తా. తప్పకుండా వస్తా" అంది. గొంతులో ఏదో అడ్డం పడినట్టు వినిపించింది. దగ్గేమో అనుకున్నాను.

పైకి వచ్చేసరికి పేజీలు పెట్టే అన్న తల గోక్కుంటూ కూర్చున్నాడు. "అమ్మాయ్, ఫ్యాన్ల ప్రకటన వచ్చింది. నీ శీర్షికలో మూడు లైన్లు కొట్టేశా" అన్నాడు.

తెర మీదికి వంగి చూశాను. ఒక సీలింగ్ ఫ్యాను. మూడు రెక్కలు. దాని కింద 'వేసవి ఆఫర్'. ప్రతి సంఘటనకీ మొదటి వాక్యం ఉంచి, రెండో వాక్యం ఎగరగొట్టాడు. నా ఓడ మునిగింది, అంతే. ఎవరూ రాలేదు. ఎవరినీ కాపాడలేదు.

"అన్నా, ప్రెసిడెంటుని తీసెయ్. చర్చిని తీసెయ్. ఏదైనా తీసెయ్, ఇది మాత్రం ఉంచు!"

"పేజీ వెళ్ళిపోయింది అమ్మాయ్."

"వెనక్కి పిలువు!"

"అదేమైనా నీ పెంపుడు కుక్కా, పిలిస్తే రావడానికి?"

ఇన్‌చార్జి గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన చేతులు రెండూ ఎత్తేశారు. "ప్రకటన వచ్చిందంటే నా మాట కూడా చెల్లదమ్మా" అన్నారు. పది రోజులు తిరిగి, లైబ్రరీ మేడమ్‌ని విసిగించి, పాత క్యాలెండర్లు తిరగేసి, చివరికి ఒక ఫ్యాను చేతిలో ఓడిపోయాను. దాని గాలి కూడా నాకు తగల్లేదు. మేజా మీద పెన్ను విసిరికొట్టాను. అది దొర్లి కింద పడి, నేనే వంగి తీసుకోవాల్సి వచ్చింది.

కేకు పెట్టె పట్టుకుని ఇంటికి వచ్చాను. మెట్లెక్కుతుంటే దారం తెగి పెట్టె ఒక పక్కకి ఒరిగింది. మూత తీస్తే క్రీము అంతా ఒక వైపుకి జారి ఉంది. కేకు కూడా మునుగుతోంది. ఇంకేం కావాలి!

ఏడింటికి మా ఆయన వచ్చాడు. గుమ్మంలో నేను గాజుపొడి దులపలేదు. అతను లోపలికి తొంగిచూశాడు. బల్ల మీద ఒరిగిపోయిన కేకు, కొవ్వొత్తులు, కుర్చీలో పెదాలు బిగబట్టుకుని కూర్చున్న వదిన.

"ఏంటిది?" అన్నాడు.

"నీ పుట్టినరోజు" అన్నాను. అని ఇక ఆగలేక మొత్తం చెప్పేశాను. డావిన్సీ, ఇన్సులిన్, కార్పాథియా, కొట్టేసిన ఆ వాక్యం పొల్లుపోకుండా, ఫ్యాను, అన్నీ. "మాట ఇచ్చాను, నిలబెట్టుకోలేకపోయాను. పేపర్లో మళ్ళీ మునగడమే వస్తుంది. నీకు పుట్టినరోజు శుభాకాంక్షలు" అని ముక్కు చీదాను.

అతను నన్నూ కేకునీ మార్చిమార్చి చూశాడు. "ఏయ్, ఇవాళ పధ్నాలుగు కదా" అన్నాడు మెల్లగా.

వదిన అంతసేపు బిగబట్టిన నవ్వు ఒక్కసారిగా పేలింది. కుర్చీ కిర్రుమంది. "నాకు మధ్యాహ్నమే తెలుసు! చెబితే ఈ వేడుక చూసేదాన్నా? మరదలా, నువ్వు పెళ్ళిలో కూడా రేపటి సంతకమే పెట్టావటగా!"

నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. గోడ మీది క్యాలెండర్! రోజంతా ఆ ఎర్ర పదిహేను కింద కూర్చుని, దాన్ని వెంటబెట్టుకుని ఇంటికి వచ్చేశాను. ఒకే రోజులో ఎన్ని తప్పులు చేయొచ్చో అన్నీ చేశాను.

ఆ కసిలో వదిన మీదికి తిరిగాను. "మీరు మరీ అంత నవ్వక్కర్లేదు. వ్యోమనౌక చంద్రుడి మీద దిగింది ఇరవైనే గానీ, మనిషి కాలు పెట్టేసరికి గ్రీనిచ్ గడియారంలో ఇరవయ్యొకటి వచ్చేసింది. మా ఆఫీసులో ఆధారాలున్నాయి!"

"అబద్ధం!" అంది వదిన. నవ్వు టక్కున ఆగిపోయింది.

"రెండు ఆధారాలు" అన్నాను.

మా ఆయన మా ఇద్దరినీ పట్టించుకోవడంలేదు. గడియారం వైపు చూస్తున్నాడు. "ఓడకి మంచుకొండ తగిలింది పధ్నాలుగు అర్ధరాత్రికి కాస్త ముందు కదూ?" అన్నాడు.

"అవును. అయితే?"

"అయితే, ఇవాళ ఈ టైముకి ఇంకా ఏమీ కాలేదు. అందరూ భోజనాలకి కూర్చుంటూ ఉంటారు. పాటలు వాయిస్తూ ఉంటారు." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "అక్కా, నా పుట్టినరోజున ఓడ తేలుతూ ఉండటం ఇదే మొదటిసారి. కొవ్వొత్తి వెలిగించు, అదేదో తగలకముందే కోసేస్తా."

ఆ ఒరిగిన కేకునే కోశాడు. జారిపోయిన క్రీమంతా వదిన ప్లేటులోకే వెళ్ళింది. ఆమె దాన్ని తింటూ కూడా, "గ్రీనిచ్ గడియారం ఎవడికి కావాలే, మా నాన్న చదివింది ఇరవైనే" అని సణుగుతూనే ఉంది. నేను నవ్వాను గానీ, లోపల ఆ ఫ్యాను ఇంకా తిరుగుతూనే ఉంది.

మర్నాడు అసలు పదిహేను. తలుపు కింద నుంచి పేపర్ వచ్చింది. విప్పి చూశాను. ఫ్యాను పేజీ మధ్యలో హాయిగా ఉంది. నా ఓడ ఒక్క లైనులో మునిగిపోయింది. మడిచి మంచం కిందికి తోసెయ్యబోతుంటే మా ఆయన చేయి చాపి తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. స్పీకర్ నొక్కి బల్ల మీద పెట్టాడు.

"లేచావా టైటానిక్కూ? కూర్చున్నావా? చదువుతున్నా" అంది వదిన. అవతల కాగితం చప్పుడు. ప్రెసిడెంటుని చదివింది. గొంతు సవరించుకుంది. "టైటానిక్ ఓడ అట్లాంటిక్‌లో మునిగిపోయింది."

మా ఆయన వేలు ఆ లైను చివర ఆగింది. దాని తర్వాత ఫ్యాను రెక్క.

వదిన ఆగలేదు. "ఆ తెల్లవారుజామునే, కార్పాథియా అనే ఓడ చేరుకుని" అని, పేపర్లో ఉన్నది చదివినట్టే, అదే గొంతుతో, తడుముకోకుండా చదివింది, "దాదాపు ఏడువందల మందిని కాపాడింది."

నేను పేపర్లోకి వంగి చూశాను. అక్కడ ఏమీ లేదు. మా ఆయన కూడా చూశాడు. ఫ్యాను మీద ఉన్న వేలు తియ్యకుండానే, "అక్కా, ఆ చివరిది ఇంకోసారి చదువు" అన్నాడు.